చోమక్ కురిపించిన వాన

ఏరు లేదు, వాగు లేదు, తవ్వితే బండ. ఆ అడవిలో నేలంతా సున్నపురాయే. ఎంత వాన కురిసినా జల్లెడలో పోసినట్టు కిందికి జారిపోయేది. అలాంటి చోట ఊరు కడతామంటే ఎవరైనా నవ్విపోతారు. జాగ్వార్ అనే మచ్చల పులి జాతికి చెందిన బాలం వాళ్ళ తాతని చూసి కూడా నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళు పోసి, తొక్కించి, గచ్చు చేసి పెద్ద గొయ్యి లోపలంతా మెత్తించాడు. ఆ ఏడు కురిసిన వాన మళ్ళీ వానల దాకా గోతిలోనే నిలిచింది. నవ్విన జంతువులన్నీ బిందెలు పట్టుకుని వచ్చాయి. నీళ్ళున్న చోటికి జనం రావడానికి దండోరా ఎందుకు?

అలా పుట్టింది తెల్లనగరం. ఇప్పుడు దానికి బాలమే రాజు, ముసలి రాజు. పొద్దస్తమానం గుడి మెట్ల మీద కూర్చుని పాత రోజులు తలచుకుంటాడు. తన చిన్నతనంలో వేడిరాళ్ళ మీద మొక్కజొన్న రొట్టెలు కాలే వాసనకే మెలకువ వచ్చేది. సంతలో సీమకోళ్ళ గోల, కోకో గింజలు మోసుకొచ్చే పొరుగూరి బేరగాళ్ళు, సాయంత్రమైతే రబ్బరు బంతిని తుంటితో కొట్టే ఆట, ఓడినవాళ్ళ అలకలు. వీటన్నిటి మీదా ఎండలో ధగధగలాడుతూ తెల్లటి గుడి. ఎంత బాగుండేది మా ఊరు, అనుకుంటాడు.

బాగుండే ఊరు ఎందుకు చెడిందంటే, పోటీ వల్ల. తూర్పున పొరుగూళ్ళో ప్యూమా అనే కొండపులి రాజు ఓ గుడి కట్టాడు. బాలం తండ్రి అంతకన్నా ఎత్తు కట్టాడు. ప్యూమా ఇంకో అంతస్తు లేపాడు. మనం తగ్గుతామా? ప్రతి అంతస్తుకీ గచ్చు కావాలి, గచ్చుకి బట్టీ కావాలి, బట్టీకి చెట్లు కావాలి. కొండలు బోడిగుండ్లయ్యాయి. చెట్లు పోయాక మబ్బులూ ముఖం చాటేశాయి. గోతిలో నీళ్ళు అడుగంటి, ఎండకి గచ్చు నెర్రెలిచ్చింది. ఆఖరికి సపోటా తోపు కూడా నరికి కాలిస్తే ఒక్క బట్టీ సున్నం తేలింది. ఇక కాల్చడానికి పుల్ల లేదు.

ఆ సున్నం దేనికి వాడాలని రాజు సభ పెట్టాడు.

ముందుగా సిమిన్ లేచింది. సిమిన్ తాపీర్ జాతిది. పంది ఒళ్ళు, పొట్టి తొండం, ఎద్దుకుండే ఓర్పు. పసితనంలో రాజుని వీపున మోసింది కాబట్టి సభలో కూడా చనువుగానే మాట్లాడుతుంది.

"నాయనా, ఇందులో ఆలోచించేదేముంది? గోతికి మెత్తించు. పగుళ్ళు చూశావుగా, నా కాలు దూరుతోంది."

ఆస్థాన జోస్యుడు చోమక్ నక్క తోక సవరించుకున్నాడు.

"పెద్దమ్మ మాట బంగారం. కానీ ప్రభూ, చుక్క నీరు లేని గోతికి గచ్చా? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది!"

"మరి గచ్చు లేనప్పుడు వానొస్తే ఏం చేస్తావురా? నాలిక చాపి పట్టుకుంటావా?" అంది సిమిన్.

"అసలు రావాలి కదా పెద్దమ్మా! వాన దేవుడు పైనుంచి చూస్తే ఏం కనిపిస్తోంది? పెచ్చులూడి, నాచు పట్టిన గుడి. నా ఇల్లు ఇలా ఉంచినవాళ్ళకి నేనెందుకు కురవాలి అనుకోడూ? ప్రభూ, ఆ సున్నంతో గుడిని మెరిపించండి. ఈ వారం తిరిగేలోపు వాన రాకపోతే నా తోక కోయించండి."

"తోక కాలిస్తే సున్నం కూడా రాదు," అంది సిమిన్.

సభంతా నవ్వింది. చోమక్ నవ్వలేదు. రాజు చెవి దగ్గరికి జరిగాడు.

"ప్యూమా బంటు సంతలో ఏమన్నాడో విన్నారా? మీ గుడికన్నా మా ప్రహరీగోడ నయం అన్నాడట."

"అననీ," అంది సిమిన్. "వాడు నవ్వినంత మాత్రాన మనకి దాహం వేస్తుందా, పొగిడినంత మాత్రాన తీరుతుందా? పైన పటారం, లోన లొటారం మనకొద్దు నాయనా."

ఆమె చెప్పింది నిజమని బాలానికి తెలుసు. ప్యూమా మాట కూడా అంతగా కుట్టలేదు. కానీ గుడిని మెరిపించడం అనగానే అతని కళ్ళ ముందు చిన్ననాటి తెలుపు మెరిసింది. చచ్చేలోపు ఒక్కసారి ఆ గుడిని అలా చూడాలనిపించింది. ముసలివాళ్ళకి ఉండే కోరికే, కానీ రాజుకి ఉండకూడని కోరిక.

"గుడికే వెయ్యండి," అన్నాడు.

"నీ ఇష్టం నాయనా," అంది సిమిన్. తిట్టినా బాగుండేదనిపించింది బాలానికి.

గుడి మెరిసింది. చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. దాహంతో నాలుకలు పిడచగట్టినవాళ్ళు కూడా మెడలెత్తి చూసి మురిసిపోయారు. బాలం మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్నట్టుగానే వారం తిరక్కముందే దక్షిణాన మబ్బు పట్టి, మిట్టమధ్యాహ్నం కుండపోతగా కురిసింది.

"నేను కురిపించిన వాన!" అని గుడి నెత్తిన చిందులేశాడు చోమక్. సీమకోళ్ళు ఈకల దండ వేశాయి. ఊరంతా నోళ్ళు తెరుచుకుని ఆడింది.

సిమిన్ ఒక్కతే గోతిలో కనిపించింది రాజుకి. పగుళ్ళలోకి బురద తోసి కాళ్ళతో తొక్కుతోంది. బాలం మెట్లు దిగి పరుగెత్తాడు. గోతిలో చెవి పెడితే అడుగున గుటకలు వేస్తున్న చప్పుడు. నేల నీళ్ళు తాగేస్తోంది.

"రండర్రా! అందరూ రండి!" అని గావుకేక పెట్టాడు.

వచ్చారు. బురద తెచ్చారు, ఆకులు కుక్కారు, ఒళ్ళు అడ్డంపెట్టారు. ఒక పగులు మూస్తే పక్కన ఇంకోటి నోరు తెరిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? తెల్లారేసరికి గోతిలో మిగిలింది అడుసు.

చోమక్‌ని గట్టు మీద నిలబెట్టారు.

"వాన తెస్తానన్నాను, తెచ్చాను," అన్నాడు. "గొయ్యి పూచీ నాది కాదు."

"నిజం చెప్పు," అన్నాడు రాజు. "వారంలోపు వస్తుందని నీకెలా తెలుసు?"

చుట్టూ చూశాడు నక్క. పారిపోవడానికి సందు లేదు.

"చీమలు గుడ్లు మోసుకుపోతుంటే చూశాను ప్రభూ. ఎలాగూ వచ్చే వానే కదా, పేరు నాకొస్తే ఎవరికి నష్టం అనుకున్నాను."

"వానొస్తుందని ఊళ్ళో నీ ఒక్కడికే తెలుసు," అంది సిమిన్. "గొయ్యి మెత్తొద్దని చెప్పిందీ నువ్వొక్కడివే."

"నాకూ దాహంగానే ఉంది పెద్దమ్మా," అన్నాడు చోమక్, నీరసంగా.

ఆ తర్వాత ఒక్కో ఇల్లే ఖాళీ అయింది. ఎవరూ రాజుని తిట్టలేదు, వెళ్ళొస్తామని చెప్పనూ లేదు. ఆఖరికి సిమిన్ వచ్చింది.

"ఉత్తరాన ఇంకా చెట్లున్నాయట. పద నాయనా. రాజుగా కాదు, బిడ్డగా రా."

బాలం లేచాడు. దారి మలుపులో ఆగి వెనక్కి తిరిగాడు. గుడి అచ్చం చిన్నప్పుడు చూసినట్టే ఉంది. ఊళ్ళో ఒక్క పొయ్యిలోనూ పొగ లేదు. తను ఇన్నాళ్ళూ బెంగపెట్టుకున్నది ఆ తెలుపు మీద కాదని, దాని కింద తిరిగిన జనం మీదని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేస్తాడు?

చోమక్ మాత్రం కదల్లేదు. ఖాళీ ఊరికి తనే రాజునని గద్దె ఎక్కాడు. హుకుం జారీ చేస్తే వినేవాడు లేడు, జోస్యం చెబితే దక్షిణ ఇచ్చేవాడు లేడు, అన్నిటికన్నా ముందు గుక్కెడు నీళ్ళు లేవు. నాలుగు రోజులు ఏలి, నాలిక వేలాడేసుకుని ఉత్తరం దారి పట్టాడు.

అక్కడ కొత్త గొయ్యి తవ్వి గచ్చు తొక్కుతున్నారు. సిమిన్ ముందు వాడికి నీళ్ళు తాగించింది, తర్వాత గచ్చులోకి దింపింది. పక్కనే మోకాళ్ళ దాకా సున్నంతో బాలం తొక్కుతున్నాడు.

"ఎంతసేపు తొక్కాలి ప్రభూ?" అని మూలిగాడు నక్క.

"నీళ్ళు నిలిచేదాకా," అన్నాడు బాలం. "ప్రభువు ఎవడూ లేడిక్కడ. తొక్కు."

నీతి: నీళ్ళు నిలిపే గోతిని పగుళ్ళతో వదిలేసి పేరు నిలిపే గోడకి సున్నం వేస్తే, నీళ్ళూ ఉండవు, ఆ పేరు పలికే జనమూ ఉండరు.