బొమ్మల ఇంటి కావలి సివంగి

అనగనగా, జంతువులు మాట్లాడితే మనుషులు చేతిలో పని ఆపి వినే కాలంలో, జాజిమిట్ట అనే ఊళ్లో తుకోజి అనే తోలుబొమ్మల ఆటగాడు ఉండేవాడు. అతని భార్య అంబాబాయి.

వాళ్లింట్లో మూడు పెద్ద వెదురుబుట్టల నిండా మేకతోలు బొమ్మలు. వాటిలో కొన్ని తుకోజి తాతగారు చేసినవి. తోలంటే ఎలుకలకు ప్రాణం. అయినా ఏడేళ్లుగా ఏ బొమ్మ మీదా ఒక్క పంటిగాటు పడలేదు. అందుకు కారణం సివంగి.

సివంగి ఆ ఇంటి పిల్లి. నల్లని ఒళ్లు, పచ్చని కళ్లు, రాణిలాంటి నడక. ప్రతి ఆటకూ ముందు తుకోజి దేవుళ్లందరికీ మొక్కి, "మా బొమ్మల్ని కాచే సివంగికీ ఒక దండం" అనేవాడు. ఆ మాట కోసమే సివంగి తెర పక్కన నిటారుగా కూర్చునేది.

ఒకనాడు అంబాబాయి సంత నుంచి వస్తూ కొంగులో ఒక పిల్లికూనను చుట్టి తెచ్చింది. పొట్లం కట్టినట్టు ఉందని దానికి పొట్లం అని పేరు పెట్టారు.

సివంగి వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "ఏడేళ్లలో నా పనికి ఏం వంక వచ్చిందని ఇంకొకదాన్ని తెచ్చావమ్మా?" అంది.

"నీ పనికి వంక లేదు. దానికి తల్లి లేదు, ఇల్లు లేదు. అంతే" అంది అంబాబాయి.

ఆమె తొందరపడలేదు. కూనను వెనక గదిలో ఉంచి తలుపు వేసింది. మొదటిరోజు తలుపుకు ఇవతల సివంగికి ముందుగా పాలు పోసి, ఆ తరువాత అవతల కూనకు పోసింది. తలుపు సందులోంచి కొత్త వాసన వచ్చింది. సివంగి బుసకొట్టి, పాలు ముట్టకుండా వెళ్లిపోయింది. రెండో రోజు కూన పడుకున్న గుడ్డను సివంగి పక్కన పరిచింది. సివంగి దాన్ని కాలితో దూరంగా నెట్టింది, కానీ పాలు తాగింది. మూడో రోజు అంబాబాయి తలుపు తీసింది. కూన బయటికి వచ్చి "పెద్దమ్మా" అని పిలిచింది. సివంగి మొహం తిప్పుకుంది.

అంతలో కోట నుంచి కబురు వచ్చింది. పది రోజుల్లో రాజుగారి ముందు లంకాదహనం ఆడాలి. తుకోజి సంబరంగా బొమ్మలన్నీ తీసి, పెరట్లో తాడు మీద ఎండకు వేలాడదీశాడు. అన్నిటికన్నా పెద్దది తాతగారు చేసిన హనుమంతుడు.

సరిగ్గా ఆ బొమ్మ కిందే పొట్లం కూర్చుని ఉంది. దాని కళ్లు గోడ వైపు ఉన్నాయి. సివంగికి మాత్రం తన చోటు ఆక్రమించినట్టే కనిపించింది. ఒక్క దూకు దూకింది. పొట్లం పక్కకు తప్పుకుంది. సివంగి గోరు హనుమంతుడి తోకకు తగిలి, తోక సగానికి చిరిగింది.

సివంగి గడ్డివామి పైకి ఎక్కేసింది. తుకోజి వచ్చేసరికి చిరిగిన బొమ్మ కింద పొట్లం ఒక్కటే ఉంది.

"తోక లేకుండా లంక ఎలా తగలబడుతుంది?" అని అతను తలపట్టుకున్నాడు. "ఈ కూనను రేపు సంతలో ఎవరికైనా ఇచ్చేస్తాను. సివంగీ, ఇది తోక చింపుతుంటే నువ్వు చూశావా?"

సివంగి మాట్లాడలేదు.

కాసేపటికి అంబాబాయి వచ్చి మెల్లగా అడిగింది. "నీకేమైనా తెలిస్తే చెప్పవే." అప్పుడూ సివంగి మాట్లాడలేదు. గడ్డివామి మీదే ముడుచుకుని పడుకుంది.

తెల్లవారింది. తుకోజి పొట్లాన్ని బుట్టలో పెట్టాడు. అది తల బయటికి పెట్టి, "పెద్దమ్మా, నేను వెళ్లాక తూర్పుగోడ వైపు కాస్త చూసుకో. అక్కడ చిన్న కన్నం పడింది. ఎలుక ముక్కు కనిపించింది. నాకు పట్టడం రాదు. అందుకే బొమ్మ కింద కూర్చుని కాపలా కాశాను" అంది.

"నిన్న ఆ సంగతి అయ్యకు ఎందుకు చెప్పలేదు?" అంది సివంగి.

"నన్నెవరూ అడగలేదు కదా."

సివంగి గడ్డివామి దిగి తుకోజి ముందుకు వచ్చి నిలబడింది.

"అయ్యా, తోక చింపింది నా గోరు. కూన తప్పేమీ లేదు. అది నా పనే చేస్తుంటే నేను దాని మీదికి దూకాను. ఏడేళ్ల పేరు పోతుందని నోరు మూసుకున్నాను. ఎవరినైనా పంపాలంటే నన్ను పంపు."

తుకోజి బుట్ట దించి పొట్లాన్ని నేల మీద వదిలాడు. "ఇద్దరూ వెళ్లి ఆ కన్నం సంగతి చూడండి. నేను సూది తెచ్చుకుంటాను" అన్నాడు.

ఆ రోజు నుంచి సివంగి పొట్లానికి చెవులు రిక్కించడం నేర్పింది, మీసం కదలకుండా కూర్చోవడం నేర్పింది, ఎప్పుడు దూకాలో, ఎప్పుడు దూకకూడదో నేర్పింది.

కోటలో రాజుగారు ఆటకు ముందు బొమ్మల్ని పరిశీలించి, "ఈ తోక మీద కుట్టేమిటి? ఎలుక కొరికిందా?" అని అడిగారు.

"లేదు ప్రభూ. మా కావలిపిల్లి గోరు తగిలింది. ఆ సంగతి అదే చెప్పింది" అన్నాడు తుకోజి.

"నా కోటకు నలభైమంది కావలివాళ్లు. తప్పు జరిగితే ఒక్కడూ నోరు విప్పడు" అని రాజుగారు తెర పక్కన పొట్లంతో కూర్చున్న సివంగి వైపు చూశారు. "నువ్వు నా పక్కన కూర్చుని ఆట చూడాలి."

"పొట్లానికీ చోటుంటే కూర్చుంటాను ప్రభూ" అంది సివంగి. రాజుగారు నవ్వి కాస్త జరిగారు.

వానాకాలం రాగానే పొట్లం ఒంటరిగా తనంత పందికొక్కును పట్టింది. సివంగి తోక పైకెత్తి ఊళ్లో మూడు వీధులూ తిరిగి, కనబడ్డ ప్రతి పిల్లికీ ఆ సంగతి చెప్పింది. ఏడేళ్లుగా తాను పట్టిన ఎలుకల గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు.

చిన్నవారికి చోటిచ్చి, తన తప్పు తానే చెప్పుకున్నవారి గొప్పతనం ఎన్నడూ తగ్గదు.