కొత్త కాలనీలో సాంబ్రాణి

ఎవరో భక్తుడు పుణ్యానికని దర్గా వరండాలో టీవీ పెట్టించి పోయాడు. అప్పటి నుంచీ, ఆ దర్గాలోనే ఉండే ఫకీరు దస్తగిరికి నిద్ర కరువైంది. పొద్దున వార్తల్లో హత్య, మధ్యాహ్నం కిడ్నాపు, రాత్రికి రెండూ కలిపి మళ్లీ. పోనీ చూడ్డం మానేస్తాడా అంటే, అదీ లేదు. ఏం మనిషో!

అతని కూతురు షబీనాకు నంద్యాలలో నర్సింగు సీటొచ్చింది. చేరడానికి రేపే ఆఖరు రోజు. పంపనంటే పంపనని కూర్చున్నాడు. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి, దర్గా వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకుంది.

"లోకం చెడిపోయింది బాబా," అన్నాడు గురువు కరీముల్లా బాబాతో. "యాడ చూసినా తోడేళ్లే. ఆడబిడ్డను ఎట్ల పంపేది? మీరే చెప్పండి."

ఇలాంటివి విని విని అలిసిపోయిన ముసలాయన బాబా. నిప్పులు పోసిన ధూపం గిన్నె, నెమలీకల కట్ట తెచ్చి శిష్యుడి చేతికిచ్చాడు.

"బేస్తవారం కదరా. సాంబ్రాణి పొగ వేసి రా. మన బజారుకొద్దు. రైలుగేటు అవతల కొత్త కాలనీకి పో."

బజారులో అయితే దస్తగిరి కోసం ఎదురు చూస్తారు. తల్లులు పసిబిడ్డల్ని ఎత్తుకొచ్చి, నెమలీకలతో తల నిమరమంటారు. కొత్త కాలనీలో అతనెవరో ఎవరికి తెలుసు?

మొదటి ఇంటి ముందు ఓ బుడ్డోడు ఆడుకుంటున్నాడు. లోపల టీవీ మోగుతోంది, దస్తగిరి రోజూ వినే వార్తల గొంతే. పొగను చూసి బుడ్డోడు నవ్వుతూ దగ్గరికొచ్చాడు. అలవాటు కొద్దీ దస్తగిరి నెమలీకలు పైకెత్తాడు.

"ఓరి దేవుడో!" అంటూ తల్లి ఉరికొచ్చి బిడ్డను గుంజుకుంది. "టీవీలో చూపించింది ఇట్లాంటోళ్లనే! పోతావా, నలుగుర్నీ పిలవాల్నా?"

తలుపు ధడాలున పడింది. లోపల గడియ పెట్టిన చప్పుడు. చూస్తుండగానే పక్కింటి తలుపు కూడా మూసుకుంది.

దస్తగిరి తిరిగొచ్చేసరికి గిన్నెలో నిప్పులు ఆరిపోయాయి. గడప మీద కూలబడ్డాడు.

"నేనేం పాపం చేసినాను బాబా? ఎంతమంది బిడ్డల తలలు నిమిరిన చెయ్యి ఇది! నన్ను చూసి గడియ పెట్టుకునింది."

బాబా గిన్నెలోని బూడిద దులుపుతూ, "ఆమెనేమీ అనొద్దురా," అన్నాడు. "ఆమెకూ బిడ్డ ఉంది కదా."

వరండాలో టీవీ మాట్లాడుతూనే ఉంది. దస్తగిరి లేచి వెనక గదిలోకి పోయాడు. అటక మీది ట్రంకుపెట్టె దించి, భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచాడు.

"అమ్మా షబీనా," అన్నాడు. "పొద్దున బస్సు ఎన్నింటికి?"