రాజుగారి గాడిదలు, మాచమ్మ గంప

అనగనగా ఒక కొండ. కొండ మీద కోట. కోటలో చిత్రబాహువనే రాజు. ఆ రాజుగారి గుండెల్లో నలభై గాడిదలు!

నవ్వకండి మరి. ఆ కోటలో బావి లేదు. కింద ఏటి నీళ్ళను తోలుతిత్తుల్లో పైకి మోసేవి గాడిదలే. అవి కొండెక్కకపోతే రాజుగారికైనా గొంతు తడవదు. అందుకే ఆయనకు వాటి మీద వల్లమాలిన ప్రేమ.

ఆ ప్రేమతో ఒక ఏడు మూడు పనులు చేశాడు. చుట్టూ గోడ కట్టించి, పచ్చిక పెంచి, గాడిదలకొక తోట ఇచ్చాడు. మంచు ఆరకముందే లేతగడ్డి మేపమన్నాడు. లద్దె ఎరువే కదా, ఎక్కడిదక్కడే ఉండనిమ్మన్నాడు.

వానలు వెలిసేసరికి గాడిదలు చిక్కి శల్యమయ్యాయి. పొట్టలు వేలాడాయి, వెంట్రుకలు గరుకుబారాయి. సగం కొండెక్కి కూలబడసాగాయి.

రాజుగారు మేత రెట్టింపు చేశాడు. తగ్గలేదు. మెడలకు తాయెత్తులు కట్టించాడు. తగ్గలేదు. వాతలు పెట్టించబోతే, అవి కాళ్ళు ఝాడించిన తీరుకు వాతలవాడు గోడ దూకి పరుగో పరుగు.

"పున్నమిలోగా లేవని గాడిదలను అడవికి తోలేయండి," అన్నాడు మంత్రి.

ఆ మాట చాకిరేవుకు చేరింది. కోట బట్టలుతికే మాచమ్మ గుండె గుభేలుమంది. రాజుగారి గాడిదల్లో చుక్కి ఆమె ఇంట పుట్టినదే. తల్లి చనిపోతే మేకపాలు పట్టి పెంచింది. మాచమ్మ గబగబా కొండెక్కింది. చుక్కి ఆమెను చూసి ఓండ్రపెట్టబోయింది, గొంతు రాలేదు. మాచమ్మకు ఏడుపొచ్చింది.

'దీని అక్క మా ఇంట్లో ఎగిరెగిరి తంతోందే! దీనికే ఏమొచ్చింది?' అనుకుంది. కళ్ళు తుడుచుకుని రాజుగారి ముందు నిలబడింది.

"మారాజా, మరకపడ్డ బట్ట వస్తే మేం మూడు మాటలడుగుతాం. ఏం మరక? ఎక్కణ్ణించి అంటింది? మళ్ళీ అంటకుండా ఏం చెయ్యాలి? అవి తెలీకుండా బండకేసి బాదితే బట్ట చిరుగుద్ది గానీ మరక పోదు. ఆ మూడు మాటలూ మీ గాడిదల్ని అడగనియ్యండి."

"గాడిదలు జవాబు చెబుతాయా?" మంత్రి నవ్వాడు.

"చెప్తాయి బాబయ్యా, వెనకనుంచి!"

మాచమ్మ చుక్కి అప్పుడే వేసిన లద్దెను తన గంపలో ఎత్తుకొచ్చి, గిన్నెడు నీళ్ళలో కలిపి, వడగట్టడానికి నల్లబట్ట అడిగింది. అక్కడ నల్లనిది రాజుగారి పట్టుశాలువా ఒక్కటే. ఆయన తీసి ఇచ్చేశాడు. సభంతా ముక్కు మూసుకుంది. నీళ్ళు కారిపోగానే, నల్లపట్టు మీద తెల్లటి దారప్పోగుల్లాంటివి మెలికలు తిరిగాయి.

"నులిపురుగులు!" రాజవైద్యుడు ఎగిరి లేచాడు. "మందు నా దగ్గరే ఉంది ప్రభూ! రోగమేదో తెలియక చేతులు కట్టుకున్నాను."

"ఎక్కడినుంచి అంటాయి ఇవి?" అన్నాడు రాజు.

మాచమ్మ తల వంచుకుంది. "మేం లద్దెను ఒక్కపూట కూడా నేలమీద ఉండనియ్యం, మారాజా. గంపకెత్తి, ఎండబెట్టి, బట్టలుడికించే చాకిబాన కింద మంటేస్తాం. మీ తోటలో అదే మడమలోతు ఉంది."

"అదీ సంగతి!" అన్నాడు వైద్యుడు. "లద్దెలో గుడ్లు. గుడ్లలోంచి పిల్లపురుగులు. అవి తడిగడ్డి మీదకు పాకుతాయి. ఆ గడ్డి మేస్తే మళ్ళీ కడుపులోకే!"

రాజుగారి మొహం చిన్నబోయింది. "నా ముద్దే వాటి ప్రాణం తీయబోయిందా?"

ఆ రోజే ఒక్కో గాడిద లద్దె చూసి, పురుగున్నవాటికే బరువును బట్టి మందు పట్టారు. ఆ పురుగులు గేదెలకు అంటవు కనుక, తోటలో గడ్డి మేయడానికి వాటిని తోలారు. గాడిదలు మంచు ఆరాక కొండవాలున మేశాయి. ఇక లద్దె ఎత్తే పని ఎవరిది? భటులు ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, రాజుగారే పంచె ఎగ్గట్టి మాచమ్మ గంప అందుకున్నాడు!

పున్నమినాడు అందరికంటే ముందు నీళ్ళతో కొండెక్కింది చుక్కి. ఎక్కి, మంత్రి తలపాగా ఎగిరిపడేలా ఓండ్రపెట్టింది. మాచమ్మ దాని మెడ పట్టుకుని పకపకా నవ్వింది. అప్పుడే గంప దించిన రాజుగారు ఆ నీళ్ళతోనే చేతులు కడుక్కున్నాడు. శాలువా మరకను మాత్రం మాచమ్మ ఏ మాటా అడక్కుండానే ఉతికిచ్చింది.

కాబట్టి పిల్లలూ, ముద్దు చేసినంత మాత్రాన మేలు చేసినట్టు కాదు. కీడు ఎక్కడినుంచి వస్తోందో వెతికి, అక్కడ గంప పట్టినవాళ్ళదే అసలైన ప్రేమ.