డిక్షనరీలో సగం

దుప్పటి కప్పుకున్నావా తల్లీ? మధ్యమధ్య ఊఁ కొట్టాలి మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే నా కథ కదలదు.

అనగనగా పెన్నేటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో శేషారత్నం అని నీ ఈడు పిల్ల. ఒక ఏడు కోతలయ్యాక బాతులు మేపేవాళ్ళు వచ్చి పొలాల్లో గుడిసె వేసుకున్నారు. వాళ్ళ పిల్ల చెంచమ్మ. అయ్యవారు దాన్ని బడిలో శేషారత్నం పక్కన కూర్చోబెట్టారు. ఇక చూడు, ఇద్దరిదీ ఒకటే పలక, ఒకటే నవ్వు.

అప్పుడు బడిలో ఇంగ్లీషు మాటల పోటీ పెట్టారు. మాటకి అర్థం చెప్పాలి, దాంతో ఒక వాక్యం చెప్పాలి. ఇద్దరికీ కలిపి ఒకటే డిక్షనరీ. ఇల్లేమో ఊళ్ళో, గుడిసేమో పొలంలో. ఏం చేస్తారు పాపం? మధ్యకి కుట్టు విప్పి చెరి సగం తీసుకున్నారు. ప్రతి శనివారం నరసింహస్వామి గుడి మెట్ల మీద సగాలు మార్చుకునేవాళ్ళు.

ఒక శనివారం మార్చుకున్నారు. రెండో శనివారం మార్చుకున్నారు. మూడో శనివారం శేషారత్నం పోలేదు. జ్వరమని కబురు పంపింది. జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఆ స్వామికి తెలుసు. తనే గెలవాలని బుద్ధి పుట్టింది, అంతే. చెంచమ్మ పొద్దు వాలేదాకా మెట్ల మీదే కూర్చుంది.

ఆ తర్వాత పోటీ. అందరూ ఓడి వీళ్ళిద్దరే మిగిలారు. 'గేమ్' అన్నారు అయ్యవారు. ఇద్దరికీ వచ్చింది. 'ప్రైజ్' అన్నారు. ఇద్దరికీ వచ్చింది. 'రైవల్' అన్నారు. చెంచమ్మ తల దించుకుంది. ఆ మాట శేషారత్నం దాచుకున్న సగంలో ఉంది మరి, చెంచమ్మ ఆ పేజీ దాకా చదవనేలేదు.

శేషారత్నం టక్కున లేచింది. "ప్రత్యర్థి, సార్. చెంచమ్మ ఈజ్ మై రైవల్."

బడంతా చప్పట్లు. చెంచమ్మ కూడా కొట్టింది. కొట్టి, చెవిలో మెల్లగా అడిగింది.

"ప్రత్యర్థి అంటే ఏందే? నేస్తమనా?"

శేషారత్నం "ఊఁ" అంది.

బహుమతిగా కొత్త డిక్షనరీ ఇచ్చారు. మర్నాడు పొద్దున తలుపు తీస్తే గడపలో చెంచమ్మ దగ్గరి సగం ఉంది. దాని మీద బొగ్గుతో వంకర అక్షరాలు: 'శేషారత్నం ఈజ్ మై రైవల్.'

పరుగెత్తింది తల్లీ, చెప్పులైనా లేకుండా. పొలంలో నీళ్ళు ఇంకిపోయాయి. గుడిసె లేదు. బాతుల ఈకలున్నాయంతే.

ఆ తర్వాత ఏటా బాతుల వాళ్ళొస్తే ఎదురు పోయేది, ఆ మాటకి అసలు అర్థం చెప్పేసి, చెయ్యి పట్టుకుందామని. వాళ్ళెవరూ చెంచమ్మ వాళ్ళు కారు.

ఊఁ కొట్టవేం? కళ్ళు తుడుచుకో. చెంచమ్మ ఎక్కడున్నా చల్లగా చూడమని స్వామికి దణ్ణం పెట్టుకో.

బాతుల మంద ఏటి దారి పట్టింది,
కథేమో కంచి దారి పట్టింది,
నా చిట్టితల్లికి నిద్ర పట్టింది.