వ్యాసం ఎవరిది?

విద్యాపీఠంలో పిల్లల వ్యాసాలు చక్కదిద్దడానికి రాజు నరహరిశాస్త్రిని నియమించాడు. ఆయనేమో వాళ్లు రాసిందంతా కొట్టేసి, తానే రాసిపారేసేవాడు. బెస్తవారి నూకాలు చెరువుల మీద రాసిన వ్యాసానికీ అదే గతి పట్టింది. పరీక్ష తప్పితే ఆమె ఇంటిదారి పట్టాల్సిందే.

పరీక్షనాడు ఆ వ్యాసం విని రాజు మెచ్చుకున్నాడు.

"ఇందులో ఒక్క ముక్క కూడా ఈ పిల్లది కాదు ప్రభూ, అంతా నా చలవే!" అన్నాడు శాస్త్రి.

నూకాలు తొణకలేదు. "అయితే శాస్త్రిగారు పరీక్ష నెగ్గారు ప్రభూ. నేనింకా రాయనేలేదు. నాకో తాటాకు ఇప్పించండి."

రాజు పకపకా నవ్వి ఇప్పించాడు. ఆమె రాయడం ముగించగానే శాస్త్రి అలవాటుగా గంటం అందుకోబోయాడు.

"వద్దండీ. నేను రాసింది ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ అడగండి, నేనే దిద్దుకుంటాను," అంది నూకాలు.

శాస్త్రి అడిగినచోటల్లా తానే దిద్దుకుని ఆమె నెగ్గింది. ఆనాటినుంచి శాస్త్రి ప్రశ్నలే అడగాలనీ, గంటం ముట్టరాదనీ రాజు ఉత్తరువిచ్చాడు.