పైడితల్లమ్మ గారి వేపుడు

"మాస్టారూ, నలుగురి కోసం వండుతాను. ఆ నలుగురూ రాకముందే సంచీ సర్దుకుని వచ్చేస్తాను. ఈ పనిలో నాకెవరున్నారు?" అని భ్రమరాంబ అడిగింది.

అడిగింది జీవరత్నం మాస్టారిని. ఆయన చాలా ఏళ్ళు ఓడల్లో వంట చేసి, చివరికి విశాఖపట్నంలో స్థిరపడి, పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని మాబోటివాళ్ళకి విందుల వంట నేర్పేవారు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. కీరాదోసకాయ చేతికిచ్చి "చక్రాలు కొయ్యి" అనేవారు, లేకపోతే గిన్నెలు తోమించేవారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఒక్క మాట చెబితే నోటి ముత్యాలేం రాలిపోవుగా అనుకునేదాన్ని.

మాస్టారి వంటల్లో మేలైనది పొగచేప. సాల్మన్ అని, మన సముద్రంలో దొరకని చేప, ఐసుపెట్టెలో వచ్చేది. దానికి ఉప్పూ పంచదారా పట్టించి, ఊట దిగాక కడిగి ఆరబెట్టి, షెడ్డులో ఉన్న జంట రేకుపెట్టెల్లో ఒకదాంట్లో వేలాడదీసేవారు. రెండో పెట్టెలో మామిడి చెక్క పొట్టు రాజేసేవారు. మధ్యన పొడుగాటి గొట్టం, దాని చుట్టూ ఐసు. పొగ ఆ గొట్టంలో చల్లారి చేపని చేరేది. "ఇది నిప్పు ముఖం చూడదు. అలాగని పచ్చిదీ కాదు, నిప్పే పొగై దీన్ని చేరుతుంది" అనేవారు మాతో. ఆ పైన పనంతా తేలికే. నీరు వార్చిన పెరుగులో నిమ్మతొక్క తురుమూ, సోంపు వాసన వేసే సోయికూర ఆకూ కలిపి, కీరా చక్రం మీద ఓ చెంచా పెట్టి, కాగితంలా కోసిన చేపముక్కని మడిచి దాని మీద ఉంచితే అయిపోయింది. పొయ్యి వెలిగించే పనే లేదు. మూత వేసి ఫ్రిజ్‌లో పెట్టి వస్తే, సాయంత్రం ఇంటివాళ్ళే తీసి వచ్చినవాళ్ళకి అందిస్తారు.

అసలు చిక్కు అక్కడే ఉంది. బజ్జీలు వేసేవాడికి, దోసెలు పోసేవాడికి జనం మధ్యన చోటుంటుంది. "ఇంకోటి వెయ్యి బాబూ" అని ఎవరో ఒకరు పళ్ళెం చాస్తారు. చల్లని వంట చేసేవాళ్ళు పొద్దున్నే వెనక తలుపున వెళ్ళి, మధ్యాహ్నానికి ఆ తలుపునే వచ్చేస్తారు. తిన్నవాళ్ళ మొహం ఎలా ఉందో వాళ్ళకి తెలియదు.

భ్రమరాంబ భర్త పోయిన ఏడాదికి మా దగ్గర చేరింది. పిల్లలు లేరు. విందుల పనైతే మనుషుల మధ్య ఉండొచ్చని వచ్చిందట. పాపం, పనితనంలో మా అందరికన్నా మెరుగు కావడంతో మాస్టారు ఆవిడకే పొగచేప అప్పగించారు. దాంతో ఏ విందుకెళ్ళినా ఆవిడ చూసేది ఖాళీ కుర్చీలే. ఇంటికెళ్తే ఫ్రిజ్ మోత తప్ప పలకరించే దిక్కు లేదని ఒకసారి నాతో అంది. నేను మాట మార్చేశాను. రానురాను ఆవిడ ఇళ్ళవాళ్ళతో మాట్లాడడం కూడా మానేసింది. వెళ్ళేది, కోసేది, పేర్చేది, చెప్పాపెట్టకుండా వచ్చేసేది. ఆ ప్రశ్న అడిగిన రోజుకి, ఈ పనికో దండం పెట్టేసి లేడీస్ హాస్టల్ వంటింట్లో గరిటె పట్టుకోవాలని తేల్చుకుంది. అక్కడైతే కంచాలు చాచే చేతులైనా కనిపిస్తాయని ఆవిడ ఆశ.

మాస్టారు ఆ మాటలన్నీ విన్నారు. విని, బల్ల మీద అటూ ఇటూ వెతికి, "నా సన్నకత్తి ఏదమ్మా?" అన్నారు.

భ్రమరాంబ నాలిక్కరుచుకుంది. పొద్దున్న మల్కాపురంలో పైడితల్లమ్మ గారింట్లో చేప పేర్చి వచ్చింది. కత్తి ఆ వంటింట్లోనే ఉండిపోయింది.

"వెళ్ళి తీసుకురా. జవాబు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు మాస్టారు.

పైడితల్లమ్మ గారి భర్త పోర్టులో ఆ రోజే రిటైరయ్యారు. పెద్దాఫీసర్ల విందుల్లో ఇలాంటి చేప పెడతారట అని ఎవరో చెబితే, ఆయనకీ అంత మర్యాదా జరగాలని ఆవిడ ముచ్చటపడి పొగచేప కావాలన్నారు. ఆవిడ మాత్రం దాన్ని ఎన్నడూ తిని ఎరగరు.

భ్రమరాంబ వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది. హాలునిండా జనం, నవ్వులు. ఆవిడ అలవాటు కొద్దీ చుట్టూ తిరిగి వంటింటి తలుపు దగ్గరికెళ్ళింది. లోపల్నించి కారం వేగుతున్న ఘాటు వచ్చింది. పొయ్యి మీద మూకుడు ఉంది. అందులో, కాగితంలా కోసిన ఆ చేప, అల్లం వెల్లుల్లి ముద్దలో ఎర్రగా వేగుతోంది. ఒక వాయి అప్పటికే హాల్లోకి వెళ్ళిపోయింది. పక్కన గిన్నెలో కీరా చక్రాలూ పెరుగూ కలిసిపోయి, తాలింపు పడి, పెరుగుపచ్చడి అయి కూర్చున్నాయి.

భ్రమరాంబ గడప దాటి మూకుట్లోకి తొంగి చూసింది.

పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని గరిటె తిప్పుతున్న పైడితల్లమ్మ గారు ఆవిడని చూసి, గబగబా వెళ్ళి హాలు వైపు తలుపు చేరేశారు.

"ఎందుకొచ్చేవమ్మా ఇప్పుడు? ఎవులైనా చూస్తే?" అన్నారు గొంతు తగ్గించి. "చేప ఉడకెయ్యడం మర్చిపోయేవు. పచ్చిగా ఉండిపోనాది. పరవాలేదులే, ఎవులికైనా అవుద్ది. నేనెవులికీ చెప్పలేదు. మా ఆయనక్కూడా చెప్పలేదు. అన్నీ నువ్వే చేసేవని చెప్పేను."

భ్రమరాంబ నోరు తెరిచింది. అది పచ్చిది కాదని, అలాగే తినాలని చెప్పడానికి ఒక్క ముక్క చాలు. పొద్దున్న చెప్పి రావలసిన ముక్కే అది. అన్నాళ్ళు నేర్చుకున్న పనికి పరువు దక్కాలంటే ఇప్పుడైనా చెప్పాలి.

ఇంతలో పైడితల్లమ్మ గారే మళ్ళీ అన్నారు. "పొద్దున్న నీ మొహం చూసేన్లే. మనిషి ఇక్కడ, మనసెక్కడో. ఏటైందమ్మా అని అడుగుదామనుకునేసరికి ఎల్లిపోయేవు. అప్పట్నుంచీ నీ గురించే అనుకుంటన్నాను."

హాల్లోంచి ఎవరో మగగొంతు, "వదినా, ఈ వేపుడు చేసిందెవరు?" అని కేకేసింది.

"భ్రమరాంబ గారని, ఊళ్ళో పేరున్న మనిషి" అని ఆవిడ తలుపు తియ్యకుండానే జవాబిచ్చారు.

భ్రమరాంబ తెరిచిన నోరు అలాగే మూసుకుంది. చివరికి, "అవునండీ, మర్చిపోయాను" అంది.

పైడితల్లమ్మ గారు పీట వాల్చి, పళ్ళెంలో ఇంత అన్నమూ వేపుడూ పెట్టి ఆవిడ ముందు ఉంచారు. తనూ పొద్దున్నించి ఏమీ తినలేదని చెప్పి, ఇంకో పళ్ళెం పెట్టుకుని ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. హాల్లో దండలు వేస్తున్న చప్పుడు, చప్పట్లు వినిపిస్తున్నాయి. ఇద్దరూ అటు వెళ్ళకుండా తిన్నారు.

భ్రమరాంబ తిరిగొచ్చి కత్తి బల్ల మీద పెట్టేసరికి నేను గిన్నెలు తుడుస్తున్నాను. జరిగిందంతా వరసగా చెప్పింది. మూకుట్లో వేగుతోందని చెప్పినప్పుడు మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఆ పొగ కోసం నిద్ర మానుకుని కాపలా కాసిన మనిషి, ఆయన ప్రాణం ఎంత విలవిల్లాడిందో నాకు తెలుసు. నాకైతే నవ్వాగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"రుచి ఎలా ఉంది?" అన్నారు మాస్టారు.

"ఉప్పు కషాయం. చేపలో ఉన్న ఉప్పు కాక ఆవిడ మళ్ళీ వేశారు."

"తిన్నావా?"

"పళ్ళెం ఖాళీ చేశాను మాస్టారూ" అంటూనే భ్రమరాంబ ఏడ్చేసింది. భర్త పోయాక తన ఎదురుగా కూర్చుని ఒక మనిషి తినడం ఇదే మొదలు అంది. నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. ఆవిడ అన్ని నెలలుగా నా పక్కనే కీరాలు కోసింది, ఒక్క పూట కూడా అన్నానికి రమ్మని పిలవలేదు నేను.

హాస్టల్ సంగతి ఏం చేశావని నేను అడగబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. భ్రమరాంబ కళ్ళు తుడుచుకుని, కత్తి తీసి, కడిగి, పొడిగుడ్డలో చుట్టింది.

"రేపు ఎవరింట్లో మాస్టారూ? ఈసారి ఇంటావిడకి అన్నీ చెప్పి వస్తాను" అంది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ ఆగింది. "మరి నేనడిగిన దానికి జవాబు చెప్పనేలేదు."

మాస్టారు పొగపెట్టె మూత తీసి, లోపల చల్లగా వేలాడుతున్న చేపని చేత్తో ముట్టి చూశారు.

"ఇదైనా నిప్పు ముఖం చూసిందా అమ్మా?" అన్నారు.