రాణిగారికి వెండి పెట్టె

మహారాజు తోటలో మట్టికుండలో కట్టిన తేనెపట్టు చిక్కిపోయింది. రాణి ఈగ ముసలిదై గుడ్లు పెట్టడం మానేసింది. ఈగలు లేకపోతే దోస, గుమ్మడి పాదులు కాయవు.

"ముసలి రాణిని తీసి కొత్తదాన్ని పెట్టాలి ప్రభూ," అంది తేనెటీగల్ని సాకే పైడితల్లి.

రాజు మండిపడ్డాడు. "రాణినే గద్దె దించుతావా? అది రాజద్రోహం! దించావంటే తల తీయిస్తా. పట్టు చచ్చినా నీ తలే!"

పైడితల్లి చేతులు కట్టుకుంది. "తప్పు మాటన్నాను ప్రభూ. అసలు అంతటి రాణిగారు మట్టికుండలో, కూలి ఈగల మధ్య ఉండడమేమిటి? తమ అంతఃపురంలో ఉండాలి గానీ!"

రాజు మీసం దువ్వాడు. ఆ సాయంత్రమే మేళతాళాలతో, చెలికత్తెల్లా నాలుగు ఈగలు వెంటరాగా, ముసలి రాణి వెండి పెట్టెలో కోటకు తరలింది. పైడితల్లి మరో పట్టు నుంచి పడుచు రాణిని తెచ్చి కుండలో పెట్టింది.

పాదులు పూసేసరికి తోటంతా ఈగల రొద. రాజు వచ్చి ఆశ్చర్యపోయాడు.

"రాణి నా కోటలో ఉంటే, ఇక్కడ ఎవరి పాలన?"

"కొత్త రాణమ్మది ప్రభూ."

"అంటే, పాత రాణిని దించేశావా?"

పైడితల్లి తలెత్తి నిలబడింది. "దించడానికి నేనెవర్ని? మేళాలు పెట్టి తీసుకెళ్ళింది తమరు. ఖాళీ అయిన గద్దెను చూస్తూ ఊరుకుంటే, అది రాజద్రోహం కాదూ?"